వెల కట్టడమూ అమానతే

ఎల్లారెడ్డిలోని మా మద్రసాలో వారసత్వ శాస్త్రం బోధించే బాధ్యత ఇరవై ఆరేళ్ళుగా మా మీదనే ఉన్నది. ‘సిరాజీ’ అనే చిన్న గ్రంథాన్ని ముందు పెట్టుకుని విద్యార్థులు నల్లబల్ల మీద లెక్కలు వేస్తారు. భార్యకు ఎంత, తల్లికి ఎంత, కుమారునికి ఎంత, కుమార్తెకు ఎంత అని భాగాలు కడతారు. వారు తప్పితే మేము సరిదిద్దుతాము. ఆ భిన్నాల లెక్కలో మేము తడబడిన రోజు మాకు గుర్తు లేదు. అయినా మా సొంత ఇంటి పంపకం దగ్గరికి వచ్చేసరికి మేమే తప్పాము. తప్పినది భాగాల దగ్గర కాదు, వెల దగ్గర. ఆ సంగతి చెప్పుకోవడం మాకు సిగ్గుగానే ఉన్నది. కాని ఈ పొరపాటు మా ఒక్క ఇంటితో ఆగేది కాదు గనుక రాస్తున్నాము.

మా అబ్బాజాన్ 2021లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి ఎల్లారెడ్డి పాత వీధిలోని ఒక ఇల్లు మాత్రమే. స్థలం రెండు గుంటలు, అంటే 242 గజాలు. ముందు భాగం తాతల నాటి పెంకుటిల్లు. వెనుక భాగంలో 1998లో అబ్బాజాన్ వేయించిన స్లాబు గదులు, 600 చదరపు అడుగులు. వారసులము ఐదుగురము: అమ్మీ, మేము, కామారెడ్డిలో ఉంటున్న మా తమ్ముడు, బాన్సువాడలోనూ కామారెడ్డిలోనూ మెట్టిన ఇద్దరు చెల్లెళ్ళు. అప్పులు, వసీయత్తు ఏమీ లేవు. అన్నిసా సూరా ఆదేశించిన ప్రకారం అమ్మీకి ఎనిమిదవ వంతు. మిగిలిన దానిలో కుమారునికి రెండు, కుమార్తెకు ఒకటి. మొత్తాన్ని 48 భాగాలు చేస్తే అమ్మీకి 6, అన్నదమ్ములము ఇద్దరికీ చెరి 14, చెల్లెళ్ళకు చెరి 7. ఈ లెక్కకు పావుగంట కూడా పట్టలేదు. పంపకానికి మాత్రం నాలుగేళ్ళు పట్టింది.

జాప్యానికి సాకులు ఎన్నో దొరికాయి. అమ్మీ ఇద్దత్ పూర్తి కావాలన్నాము. ఆ తరువాత ఇంట్లో పెళ్ళి అన్నాము. ఆ తరువాత రమజాన్ వెళ్ళనిద్దామన్నాము. అసలు కారణం వేరు. ఇంట్లో ఉంటున్నది మేము. పంచితే చెల్లెళ్ళకు డబ్బు ఇవ్వవలసినది మేము. ఇవ్వవలసిన చేతికి తొందర ఉండదు.

చివరకు 2025 వేసవిలో అందరమూ అమ్మీ మంచం చుట్టూ కూర్చున్నాము. ఇల్లు అమ్మవద్దని, మేమే ఉంచుకుని చెల్లెళ్ళ వాటాలకు సొమ్ము ఇచ్చేటట్లు అందరూ ఒప్పుకున్నారు. తమ్ముడు తన వాటా ప్రస్తుతానికి ఇంట్లోనే ఉండనిమ్మన్నాడు. “అయితే ఇంటి వెల ఎంత?” అని పెద్ద చెల్లెలు అడిగింది. మేము ముందే సిద్ధం చేసుకున్న మాట చెప్పాము. రిజిస్ట్రేషన్ కార్యాలయపు విలువకు కొంత కలిపి 18 లక్షలు అన్నాము. పాత ఇల్లు, సందులో ఉన్నది, పెంకులు కారుతున్నాయి అని కారణాలు కూడా వల్లించాము. కామారెడ్డి చెల్లెలి భర్త బస్టాండు దగ్గర ఒక మధ్యవర్తిని అడిగి వచ్చారు. ఆయన 40 లక్షలు అన్నాడట. రెండు అంకెల నడుమ ఇల్లంతా నిశ్శబ్దమయింది.

అప్పుడు పెద్ద చెల్లెలు తల వంచుకునే ఒక మాట అన్నది. “భాయ్‌జాన్, 18 లక్షల లెక్కన మీ 14 భాగాలు నాకు ఇస్తారా? గాజులు అమ్మి అయినా తీసుకుంటాను.”

మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ ధరకు ఇవ్వడానికి మా మనసు ఒప్పలేదు. ఒప్పలేదు గనుక ఆ ధర అబద్ధమని అదే క్షణంలో మాకు తెలిసిపోయింది. నమాజుకు వేళయిందని లేచి వెళ్ళాము. ఆ రోజు సజ్దాలో తల మోపినప్పుడు మా చెల్లెలి ప్రశ్న తప్ప మరేదీ మదిలో నిలువలేదు.

ఆ రాత్రి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) వృత్తాంతం గుర్తుకు వచ్చింది. ఎన్నోసార్లు పిల్లలకు చెప్పిన వృత్తాంతమే. ఖైబర్ తోటల ఖర్జూర పంటలో సగం మదీనాకు, సగం అక్కడి యూదు రైతులకు అన్నది ఒప్పందం. చెట్ల మీద ఉన్న పంట ఎంతో అంచనా కట్టడానికి దైవప్రవక్త (సఅసం) ఆయనను పంపేవారు. అంచనా తమకు అనుకూలంగా ఉండాలని రైతులు తమ స్త్రీల ఆభరణాలు తెచ్చి ఇవ్వబోతే ఆయన తిరస్కరించారు. అంచనా కట్టిన తరువాత ఆయన వారి ముందు రెండు దారులు పెట్టేవారు: ఈ లెక్కకు మీరు తీసుకుని మా సగం ఇవ్వండి, లేదా ఇదే లెక్కకు మేము తీసుకుని మీ సగం ఇస్తాము. భూమ్యాకాశాలు నిలిచి ఉన్నది ఇటువంటి న్యాయం మీదనే అని ఆ రైతులే ఒప్పుకున్నారు. వెల కట్టే విద్యకు ఇంతకు మించిన గీటురాయి మాకు తెలియదు. తాను చెప్పిన ధరకు కొనడానికీ, అమ్మడానికీ సమానంగా సిద్ధపడేవాడే నిజమైన ధర చెప్పినవాడు. మా చెల్లెలు ఏ మద్రసాలోనూ చదువుకోలేదు. అయినా ఇబ్నె రవాహా ప్రశ్ననే మమ్మల్ని అడిగింది.

కామారెడ్డిలో ఒక విశ్రాంత ఇంజనీరు ఆస్తులకు విలువ కడతారని తమ్ముడు చెప్పాడు. ఈ పని చేసేవారికి ఇప్పుడు చట్టబద్ధమైన పద్ధతి ఉన్నది. 2017లో వచ్చిన నియమాల ప్రకారం పరీక్ష ఉత్తీర్ణులై నమోదయిన వారిని రిజిస్టర్డ్ వాల్యుయర్లు అంటారు. భూమి–భవనాలు, యంత్రాలు, ఆర్థిక ఆస్తులు అని మూడు వర్గాలు ఉన్నాయి. ఇంటికి విలువ కట్టవలసినవారు మొదటి వర్గంలో నమోదై ఉండాలి. బ్యాంకులు ఇంటి రుణం ఇచ్చేటప్పుడు తమ జాబితాలోని వాల్యుయర్లనే పంపుతాయి. మేము ఐదుగురమూ కలిసే ఆయనను పిలిచాము. రుసుము కూడా కలిసే ఇస్తామన్నాము. ఒక్కరే పిలిస్తే ఆయన ఆ ఒక్కరి మనిషి అని మిగిలినవారికి అనిపించవచ్చు.

నవంబరు నెలలో ఆయన వచ్చారు. వచ్చీ రాగానే, “మౌల్వీ సాబ్, మీరు ఎంత అనుకుంటున్నారో నాకు చెప్పవద్దు. చెబితే నా కన్ను అటే పోతుంది” అన్నారు. దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, ఈసీ అడిగి తీసుకున్నారు. టేపు పట్టి స్థలాన్నీ, గోడలనూ కొలిచారు. పెంకుటింటి దూలాలను గోటితో గీకి చూశారు. ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలకు నీరు ఇంట్లోకి వచ్చిందా అని అడిగి, గోడల అడుగున చెమ్మ గీత కోసం వెతికారు. కామారెడ్డి పట్టణంలో కొన్ని కాలనీలు నీట మునిగిన తరువాత కొనేవారు మొదట అడిగే ప్రశ్న అదేనట. మా వీధికి నీరు రాలేదు. ఇల్లు వీధిపోటుకు ఉన్నదని ఆయన రాసుకుంటూ ఉంటే మేము అభ్యంతరం చెప్పాము. అటువంటి నమ్మకాలు మాకు లేవన్నాము. ఆయన నవ్వి, “మీకు లేకపోవచ్చు. కొనడానికి వచ్చేవారిలో సగం మందికి ఉన్నది. నేను రాసేది మీ విశ్వాసాన్ని కాదు, బజారు నడతను” అన్నారు. ఆ మాటతో విలువ కట్టడమంటే ఏమిటో సగం అర్థమయింది.

మిగిలిన సగం టీ తాగుతూ వివరించారు. మన ఊళ్ళలో ఒక్కొక్క ఇంటికి మూడు ధరలు వినిపిస్తాయి. మొదటిది ప్రభుత్వ పుస్తకంలోని విలువ. అది రిజిస్ట్రేషన్ రుసుము వసూలు చేయడానికి పెట్టుకున్న కనీస విలువ. తెలంగాణలో దానిని 2013 తరువాత 2021 జూలైలోనూ, తిరిగి 2022 ఫిబ్రవరిలోనూ సవరించారు. నడుమ ఎనిమిదేళ్ళు బజారు ఎక్కడికో పోయింది, పుస్తకం అక్కడే నిలిచింది. అందువలన అది అసలు ధరకు సాక్ష్యం కాదు. రెండవది మధ్యవర్తి చెప్పే ధర. అది అడిగే ధరే గాని, చేతికి వచ్చే ధర కాదు. మూడవది నిజమైన ధర. కొనేవానికి ఒత్తిడి లేకుండా, అమ్మేవానికి అవసరం మీద పడకుండా, ఇద్దరికీ సంగతులన్నీ తెలిసి కుదుర్చుకునే ధర అది. మేము మొదటి దానిని పట్టుకున్నాము. బావమరది రెండవ దానిని పట్టుకున్నారు. మూడవ దానిని ఎవరమూ వెదకలేదు.

ఆ మూడవ ధరను పట్టుకోవడానికి ఆయన రెండు దారులు కలిపి నడిచారు. స్థలానికి ఇటీవలి అమ్మకాలతో పోలిక. మా ఇంటికి దగ్గరలో జరిగిన నాలుగు అమ్మకాలను విచారించారు. పెద్ద రోడ్డు మీది స్థలం గజం 10,500 చొప్పున పోయింది. సందులోనిది 8,500కు పోయింది. మూడవది అన్న తమ్మునికి రాసిచ్చినది. రక్తసంబంధీకుల నడుమ జరిగినది బజారు ధరకు సాక్ష్యం కాదని దానిని కొట్టివేశారు. నాలుగవది పక్క ఇంటివారు తమ ఇంటితో కలుపుకోవడానికి ఎక్కువ పెట్టి కొన్నది. అది కూడా అందరి ధర కాదని పక్కన పెట్టారు. మా వీధి వెడల్పు, వీధిపోటు అన్నీ చూసి గజం 9,000 అని నిర్ణయించారు. 242 గజాలకు 21,78,000 రూపాయలు.

కట్టడానికి వేరే లెక్క. ఈనాడు అటువంటి స్లాబు గదులు కట్టాలంటే చదరపు అడుగుకు 1,500 చొప్పున 9 లక్షలు. స్లాబు ఇంటి ఆయుష్షు 60 ఏళ్ళని, ఆఖరున కూడా పదో వంతు విలువ మిగులుతుందని పెట్టుకున్నారు. 27 ఏళ్ళ అరుగుదలకు నూటికి 40.5 చొప్పున 3,64,500 తీసివేయగా 5,35,500 మిగిలింది. పెంకుటింటి ఆయుష్షు తీరిపోయింది. దాని టేకు దూలాలకు, తలుపులకు 60,000. మొత్తం 27,73,500. దానిని 27,70,000గా రాసి సంతకం చేశారు.

ఆ కాగితం చేతికి వచ్చిన సాయంత్రం మేము ఒక లెక్క చేశాము. మా 18 లక్షల ప్రకారం ఒక్కొక్క చెల్లెలికి అందేది 2,62,500. న్యాయమైన వెల ప్రకారం సుమారు 4,04,000. ఒక్కొక్క చెల్లెలి దగ్గర మేము దాదాపు 1,41,500 రూపాయలు మిగుల్చుకోబోయాము. 48లో 7 అనే భాగాన్ని నోటితో చెబుతూనే, వెలను తగ్గించి దానిని ఐదు భాగాల లోపుకు దించాము. భాగాలను అల్లాహ్ నిర్ణయించాడు. వాటిని మార్చే ధైర్యం మన ఇళ్ళలో చాలామందికి ఉండదు. వెలను మాత్రం మనకు వదిలాడు. మన నిజాయితీకి పరీక్ష అక్కడే.

మన ధర్మశాస్త్రవేత్తలకు ఈ సంగతి బాగా తెలుసు. హిజ్రీ 428లో పరమపదించిన ఇమామ్ ఖుదూరీ రహ్మతుల్లాహి అలైహి తమ గ్రంథంలో పంపకానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పెట్టారు. పంచేవాడు న్యాయవర్తనుడు, నమ్మకస్తుడు, పని తెలిసినవాడు అయి ఉండాలన్నారు. ఒకరికి కింది అంతస్తు, మరొకరికి పై అంతస్తు వచ్చేటప్పుడు ఎలా పంచాలన్న చర్చ కూడా ఉన్నది. కింది మూర ఒకటికి పై మూరలు రెండు అని ఇమామ్ అబూ హనీఫా, ఒకటికి ఒకటే అని ఇమామ్ అబూ యూసుఫ్ అన్నారు. దేనికదే వెల కట్టి ఆ వెల ప్రకారమే పంచాలన్నది ఇమామ్ ముహమ్మద్ మాట. తరువాతి పండితులు ఫత్వా ఇచ్చినది ఆ మాట మీదనే. మూరల లెక్క చూడడానికి సమానంగా కనిపిస్తుంది; న్యాయం వెలలో ఉన్నదని వారు గుర్తించారు. ఈ పాఠాన్ని ఇన్నేళ్ళు చెప్పాము. మా ఇంటి గడప దాటి లోపలికి మాత్రం తీసుకురాలేదు.

ఇంకొక సందేహం తమ్ముడు లేవదీశాడు. అబ్బాజాన్ చనిపోయిన నాటి వెల పెట్టాలా, ఈనాటిదా? మరణించిన క్షణం నుంచే వారసులందరూ తమ తమ భాగాలకు యజమానులు అయ్యారు. నాలుగేళ్ళలో పెరిగినది ఆ భాగాలతోనే పెరిగింది. కాబట్టి పంచుకునే నాటి వెలే ప్రమాణం. జాప్యం చేసినవానికి జాప్యమే లాభం కాకూడదు కదా.

వెల ఎంత సున్నితమైనదో మా జిల్లా ప్రజలకు వేరే చెప్పనక్కర లేదు. కామారెడ్డి పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో చుట్టుపక్కల పల్లెల సాగుభూములను పారిశ్రామిక మండలంలో చూపించినప్పుడు రైతులు వీధుల్లోకి వచ్చారు. 2023 జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డి గ్రామ రైతు ఒకరు ప్రాణం తీసుకున్నారు. అది కామారెడ్డి పక్కనున్న పల్లె, మా ఎల్లారెడ్డి కాదు. అయినా ఆ దుఃఖం మా దాకా వచ్చింది. అదే నెల 20న పురపాలక సంఘం ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. మట్టి అదే, బావి అదే. పటం మీద ఒక రంగు మారితే భూమి వెల మారుతుందన్న భయం ఒక ఇంటి దీపాన్ని ఆర్పివేసింది. వెల అన్నది కేవలం అంకె కాదు. దాని వెనుక కుమార్తె పెళ్ళి, కుమారుని చదువు, ముసలివారి మందులు ఉంటాయి. ఎవరి చేతిలో ఆ అంకె ఉన్నదో వారి మీద అంత భారం ఉన్నది.

మన ఇళ్ళలో ఆడపడుచులు పుట్టింటి వాటాను ‘మాఫ్’ చేయడం ఆనవాయితీగా మారింది. చేసినవారు మంచివారు, అడిగినవారు గయ్యాళులు అని పేరు పెట్టడం కూడా ఆనవాయితీ అయింది. వారసులలో ఒకరు కొంత సొమ్ము తీసుకుని తన వాటా నుంచి తప్పుకోవడాన్ని ధర్మశాస్త్రం అనుమతించింది. కాని తాను వదులుకుంటున్నది 2 లక్షలో, 4 లక్షలో తెలియని చెల్లెలు చేసినది త్యాగమా? మొహమాటంతో, అన్న ముఖం చూడలేక అన్న మాట ఇష్టపూర్వకమా? ముందు నిజమైన వెల ఆమె చేతిలో పెట్టాలి. సొమ్ము కూడా ఆమె చేతిలో పెట్టాలి. ఆ తరువాత ఆమె ఇస్తే అది కానుక.

పాఠకులకు మా అనుభవంలో తేలిన నాలుగు మాటలు. వాల్యుయరును వారసులందరూ కలిసి నియమించుకోండి. మీ మనసులోని అంకె ఆయనకు చెప్పకండి. విలువ దేనికోసం కడుతున్నారో, ఏ తేదీ నాటికి కడుతున్నారో నివేదికలో రాయించండి. అప్పు కోసం బ్యాంకుకు రాసే విలువ, తొందరగా అమ్మితే వచ్చే విలువ, పంపకానికి కావలసిన విలువ ఒకటే కానవసరం లేదు. పోల్చిన అమ్మకాలు ఏవో, అరుగుదల ఎంత తీశారో అడగండి. నిజాయితీ గలవారు విసుక్కోరు. నివాసమున్న ఇంటి మీద జకాత్ లేదు గాని, తిరిగి అమ్మే ఉద్దేశంతో కొన్న ప్లాటు ఉంటే జకాత్ రోజు నాటి బజారు విలువ మీద నూటికి రెండున్నర ఇవ్వాలి. అక్కడ కూడా ప్రభుత్వ పుస్తకం చాటున దాక్కోకండి. బీదల హక్కు కూడా చెల్లెళ్ళ హక్కు వంటిదే.

చివరకు మా ఇంట్లో ఇలా జరిగింది. వాల్యుయరు రుసుమును ఎలా పంచాలన్న ప్రశ్న వచ్చింది. తలకు ఇంత అని ఇమామ్ అబూ హనీఫా, వాటాల ప్రకారం అని ఆయన శిష్యులిద్దరూ చెప్పారని మేము వివరించబోతుంటే అమ్మీ అడ్డు తగిలింది. “నీ పాఠం తరువాత చెబుదువుగాని, చెల్లెళ్ళ మీద తక్కువ పడేది చూడు” అన్నది. శిష్యుల మాటే నిలిచింది. చెల్లెళ్ళిద్దరికీ సగం సొమ్ము వెంటనే ఇచ్చాము. అందుకు మా ద్విచక్ర వాహనం, కొంత బంగారం పోయాయి. మిగిలిన సగం పద్దెనిమిది నెలల్లో ఇస్తామని, అల్ బఖరా సూరా బోధించినట్లు, సాక్షుల ఎదుట కాగితం మీద రాసిచ్చాము. అమ్మీ వాటా అమ్మీ పేరనే ఉన్నది. మా దగ్గర ఉంటున్నది గనుక అది మాదే అన్న ఆలోచనను రానివ్వలేదు.

కాగితం మీద సంతకాలు అయిన తరువాత పెద్ద చెల్లెలు వంటింటి గుమ్మం దగ్గర ఆగి, “భాయ్‌జాన్, ఆ రోజు అలా అడిగినందుకు మనసులో పెట్టుకోవద్దు” అన్నది. మనసులోనే పెట్టుకుంటామని చెప్పాము. మరుసటి వారం తరగతిలో ఖుదూరీ పంపకాల అధ్యాయం మొదలుపెట్టినప్పుడు, పేరు చెప్పకుండా, ఒక చెల్లెలు తన అన్నను అడిగిన ప్రశ్న చెప్పి పాఠం ప్రారంభించాము. వెనుక బల్ల మీది కుర్రవాడు ఒకడు, “ఆ అన్న ఏమి జవాబిచ్చాడు ఉస్తాద్?” అని అడిగాడు. “ఆలస్యంగా ఇచ్చాడు” అన్నాము.

భాగాలను ఎంత సరిగ్గా కడతామో వెలను కూడా అంత సరిగ్గా కట్టే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. మన ఆడపడుచుల హక్కు మన ఇటుకల మధ్య చిక్కుకుని ఉండగా మనల్ని తన సన్నిధికి పిలవకుండుగాక. ఆమీన్.